దొరల ఇంటి బిడ్డ, మూగవారి నోరు: మల్లు స్వరాజ్యమ్మ జీవితము

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 2:11-15, సంఖ్యాకాండము 27:1-7, సామెతలు 31:1-9, హెబ్రీయులకు 11:24-26



మన దేవరుప్పుల నుంచి సూర్యాపేట రోడ్డు పట్టుకొని తిరుమలగిరి దాకా పోయి, అక్కడ తుంగతుర్తి వైపు మళ్లితే కర్విరాల కొత్తగూడెం అనే ఊరు ఉంది. అప్పట్లో మన జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆ ఊరూ మన ఊరూ ఒకే జిల్లా. ఆ ఊరిలో భూములు గల భీమిరెడ్డి రామిరెడ్డి, చొక్కమ్మ దంపతులకు 1931లో ఒక ఆడపిల్ల పుట్టింది. దేశమంతా స్వరాజ్యము అనే మాట మోగుతున్న కాలమది. బిడ్డకు అదే పేరు పెట్టుకున్నారు. ఆ బిడ్డే తరువాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మల్లు స్వరాజ్యం గారు.

ఈమె గురించి మేము ఎందుకు రాస్తున్నామని కొందరికి అనిపించవచ్చు. ఆమె విశ్వాసి కాదు. జీవితమంతా కమ్యూనిస్టు పార్టీలోనే ఉన్నారు. ఆ సంగతి దాచి రాయవలసిన అవసరము మాకు లేదు. తనను ఎరుగని కోరెషు రాజును దేవుడు తన పని కొరకు పేరు పెట్టి పిలిచాడని యెషయా 45వ అధ్యాయములో చదువుకుంటాము. ద్రాక్షతోటకు పోనని తండ్రితో చెప్పి, మనసు మార్చుకొని పోయిన కొడుకును గురించి మన ప్రభువే చెప్పాడు. పోతానని చెప్పి పోనివాడు ఇంకొకడు. ఆ ఉపమానము చదివినప్పుడల్లా మనము ఏ కొడుకు పక్కన నిలబడి ఉన్నామో చూసుకోవలసి వస్తుంది.

ఇంకొక కారణము కూడా ఉంది. విశ్వాసి రాజకీయములలోకి పోవచ్చా, వార్డు మెంబరుగా నిలబడితే పాపమా, గ్రామసభకు పోతే లోకముతో కలిసినట్టా అని మన యవనస్థులు అడుగుతూ ఉంటారు. పెద్దలు చాలామంది ఒక్కటే జవాబు చెప్పేస్తారు: అది లోకసంబంధము, మనకొద్దు. ఈ జవాబు సరిపోదని మా నమ్మకము. ఎందుకు సరిపోదో చెప్పడానికి పుస్తకములకంటె మన పక్క ఊరి మనిషి జీవితము మేలు.

ముందుగా ఆ కాలము ఎట్లాంటిదో తెలియాలి. ఇప్పుడు ఫోనులో ఇది చదువుతున్న పిల్లలకు వెట్టి అంటే ఒక మాట మాత్రమే. మన తాతలకు అది ఒంటి మీది దెబ్బ. నిజాము రాజ్యములో దేశ్‌ముఖులు, పటేళ్లు, పట్వారీలు ఊళ్లను పంచుకొని ఏలేవారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన లెక్క ప్రకారము సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి 1,50,000 ఎకరాలు, మన పక్కనున్న విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలు ఉండేవి. ఒక్క కుటుంబానికి నలభై వేల ఎకరాలు! ఇంటికి ఇల్లు, పొలానికి పొలము కలుపుకొనేవారికి శ్రమ అని యెషయా 5వ అధ్యాయములో ప్రవక్త చెప్పింది మన తాలూకాను చూసి చెప్పినట్టే ఉంటుంది.

ఆ భూముల మీద పనికి కూలి ఉండదు. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు పెట్టాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, మాల కబురు మోయాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి. దొర పొలము తడిసిన తరువాతనే తమ పొలము. బాలింత అయినా పిల్లను చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి నాటుకు రావాలి. అప్పు తీసుకుంటే నాగు. గింజలకు గింజలు పెరుగుతూ పోతాయి, తండ్రి చనిపోతే కొడుకు జీతగాడుగా కుదరాలి. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో చేసిన వెట్టిని నిర్గమకాండములో చదివేటప్పుడు మన బైబిలులో వాడిన మాట కూడా వెట్టియే. ఆ అనువాదము చేసినవారికి ఆ మాట ఎక్కడ దొరికిందో వెదకనక్కరలేదు.

అట్లాంటి దొరల వర్గములోనే స్వరాజ్యమ్మ పుట్టింది. ఆమె ఇంట్లో ధాన్యము ఉంది, జీతగాళ్లు ఉన్నారు. హెబ్రీ పత్రికలో మోషేను గురించి రాయబడినది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఫరో కుమార్తె కొడుకునని అనిపించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, ఐగుప్తు ధనముకంటె తన జనులతో శ్రమపడడమే గొప్ప భాగ్యమనుకున్నాడు. మోషే బానిసలకు పుట్టి రాజు ఇంట్లో పెరిగాడు, రక్తము పిలిచింది అనుకోవచ్చు. ఈ అమ్మకు ఆ పిలుపు కూడా లేదు. వెట్టివారిలో ఆమె చుట్టము ఒక్కరూ లేరు.

పది పదకొండేళ్ల ప్రాయములో ఆమె చేసిన మొదటి పని చాలా చిన్నది. వెట్టిచాకిరి పోవాలని ఆంధ్రమహాసభ పిలుపునిచ్చింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి అప్పటికే ఆ గాలిలో ఉన్నాడు. పిల్ల చేతికి గోర్కీ రాసిన 'అమ్మ' నవల వచ్చింది. ఆ రోజుల్లో ఆమె తమ ఇంటి గింజలు తీసి వెట్టిపనివారికి పంచింది. సొంత మేనమామలు, బాబాయిలు అడ్డము వచ్చారు. ఇది వాళ్ల భాగమే, నేను దానము చేయడము లేదు అని ఆ పిల్ల పట్టుబట్టింది. పెద్దయిన తరువాత చాలాసార్లు ఈ సంగతి ఆమె స్వయంగా చెప్పారు.

దానము కాదు, భాగము. ఈ తేడా దగ్గర మేము కొంచెము ఆగుతాము. క్రిస్మస్ ముందు విధవరాండ్రకు చీరలు పంచుతాము, దుప్పట్లు ఇస్తాము, ఫోటో దిగుతాము. అది మంచిదే, మానవద్దు. కాని పంట కోసేటప్పుడు పొలము అంచులు వదిలేయాలని, పడిన పరిగె ఏరుకోవద్దని లేవీయకాండములో దేవుడు ఆజ్ఞ ఇచ్చినప్పుడు దానిని దానము అనలేదు. రూతు బోయజు పొలములో ఏరుకున్న పరిగె ఆమెకు చట్టము ఇచ్చిన హక్కు. బోయజు మంచివాడు కాబట్టి అంతకంటె ఎక్కువ ఇచ్చాడు, అది వేరే సంగతి.

1946 జూలై 4న మన మండలములోని కడవెండిలో దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. ఆ గడిని, అక్కడ ఏలిన దొరసానిని గురించి కడవెండి పెద్దలు ఇప్పటికీ చెబుతారు, మీలో చాలామంది విన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలములో పండిన పంటను విసునూరు దొర మనుషులకు దక్కనీయలేదు. ఈ రెండు సంగతులు మన గడపలోనివి. అక్కడ నుంచి పోరాటము సూర్యాపేట, మానుకోట, ఖమ్మము వైపు పాకింది. ఆడవాళ్లు రోకళ్లు, కారప్పొడి పట్టుకొని నిలబడ్డారు, మగవాళ్లు వడిసెలలు, గుతపలు పట్టుకున్నారు. తరువాత తుపాకులు వచ్చాయి.

స్వరాజ్యమ్మ చేతికీ తుపాకి వచ్చింది. అప్పటికి ఆమె వయసు మన ఇంటర్మీడియట్ పిల్లల వయసు. అంతకు ముందు ఆమె పని పాట పాడడము, మాట్లాడడము. ఉయ్యాల పాట వరుసలో దొరల సంగతి కట్టి పాడితే ఊరంతా కూడేదట. మాట తరువాతనే ఆయుధము వచ్చింది. గోదావరి అడవులలో ఆదివాసి గూడేల మధ్య రాజక్క అనే పేరుతో దళములో తిరిగారు. పట్టిచ్చినవారికి 10,000 రూపాయలు ఇస్తామని నిజాము ప్రభుత్వము ప్రకటించింది. తులము బంగారము వంద రూపాయల చుట్టూ ఉన్న రోజుల్లో పదివేలంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. అయినా ఎవరూ పట్టివ్వలేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చింది, నిజాము లొంగిపోయాడు. పోరాటము అప్పుడు ఆగలేదు. 1951 అక్టోబరు 21న పార్టీ విరమించేదాకా సాగింది. 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచామని, 4,000 మంది ప్రాణాలు పోయాయని సుందరయ్య గారు రాశారు.

తుపాకిని గురించి మా మాట కూడా చెప్పాలి, దాటవేస్తే నిజాయితీ కాదు. మేము తుపాకిని సమర్థించము. కత్తి పట్టుకొనువారు కత్తిచేతనే నశింతురని పేతురుతో చెప్పిన ప్రభువు శిష్యులము మనము. అయితే తీర్పు తీర్చేముందు మోషే కథను మళ్లీ చదవాలి. తన జనులలో ఒకనిని ఐగుప్తీయుడు కొడుతుంటే చూసి, అటు ఇటు చూసి, ఆ ఐగుప్తీయుని చంపి ఇసుకలో కప్పిపెట్టాడు. లేఖనము దానిని మెచ్చుకోలేదు, దాచనూ లేదు. ఆ చంపడము వల్ల ఒక్క ఇశ్రాయేలీయుడు కూడా విడుదల కాలేదు. మోషే పారిపోయాడు. నలభై ఏండ్లు గొర్రెలు కాశాడు. తరువాత అదే మనిషి చేతికి దేవుడు రాతిపలకలు ఇచ్చాడు.

ఇక్కడ కూడా అట్లాంటిదే జరిగింది. దళాలు పంచిన భూమిలో చాలా భాగాన్ని పోలీసు చర్య తరువాత దొరలు తిరిగి వచ్చి లాక్కున్నారు. అదే సమయములో వచ్చిన 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టము కొందరు కౌలుదారులకు హక్కు కాగితము ఇచ్చింది. 38-ఇ సర్టిఫికెట్టు అనే మాట మీ ఇళ్లలో పాత పెట్టెలు తెరిస్తే వినబడుతుంది. దాని మీద ఇప్పటికీ కోర్టులలో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. పోరాటము లేకపోతే ఆ చట్టము అంత తొందరగా వచ్చేది కాదు, ఇది కూడా ఒప్పుకోవాలి. కాని డెబ్బై ఏండ్ల తరువాత మనుమడు చేత పట్టుకొని తాసిల్దారు దగ్గరికి పోవడానికి మిగిలింది ఆ కాగితమే.

ఆ కాగితము ఎక్కడ పుట్టింది? ఒక సభలో. అందుకే అడవి నుంచి బయటికి వచ్చినవారు 1952 ఎన్నికలలో నిలబడ్డారు. పార్టీ మీద నిషేధము ఉంది కాబట్టి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పోయారు. మనకు పక్కనే కొలనుపాకకు చెందిన ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుంచి గెలిచారు, వరుసగా మూడు ఎన్నికలలో గెలిచారు. నరసింహారెడ్డి గారు తరువాత మిర్యాలగూడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు వెళ్లారు, గోదావరి నీళ్లు ఈ మెట్ట ప్రాంతానికి రావాలని ఆయన పట్టిన పట్టు అందరికీ తెలిసిందే.

స్వరాజ్యమ్మ మాత్రము వెంటనే సభకు పోలేదు. 1954లో సహచరుడు మల్లు వెంకటనరసింహారెడ్డి గారిని పెండ్లి చేసుకున్నారు. పిల్లలు, సంసారము, పార్టీ పని. 1964లో పార్టీ రెండుగా చీలితే మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచారు. పోరాటము ఆగిన 1951 నుంచి ఆమె ఎమ్మెల్యే అయిన 1978 దాకా లెక్కపెడితే ఇరవై ఏడేండ్లు. చరిత్ర పుస్తకాలు ఈ ఇరవై ఏడేండ్లను ఒక వాక్యములో దాటేస్తాయి. మేమూ దాదాపు అదే చేస్తున్నాము, ఎందుకంటె ఊరూరు తిరిగి మీటింగులు పెట్టడము, కూలిరేట్ల కోసము కొట్లాడడము, ఇంటికి వచ్చినవారికి బువ్వ పెట్టడము ఎవరూ తేదీలు వేసి రాసుకోరు. మిద్యానులో మోషే ఏ రోజు ఏ గొర్రెను వెదికాడో మనకు తెలుసా?

1978 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. ఎమర్జెన్సీ పోయిన తరువాతి ఎన్నికలు. ఇందిరా కాంగ్రెసుకు 175 స్థానాలు వచ్చాయి. మార్క్సిస్టు పార్టీకి 8. ఆ ఎనిమిది మందిలో తుంగతుర్తి నుంచి స్వరాజ్యమ్మ ఒకరు. 1983లో రామారావు గారి ప్రభంజనములో మహామహులే కొట్టుకుపోయారు. మార్క్సిస్టులు ఐదుగురే గెలిచారు, ఆ ఐదుగురిలో కూడా ఆమె ఉన్నారు. 294 మంది ఉండే సభలో మొదట ఎనిమిది, తరువాత ఐదు! ఏ తీర్మానాన్ని గెలిపించడానికైనా, ఏ ప్రభుత్వాన్ని దించడానికైనా ఇది చాలే సంఖ్య కాదు. ఆమె సభలో ఉన్న ఆరేడు ఏండ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, రామారావు, నడుమ నెల రోజులు నాదెండ్ల భాస్కరరావు, ఇట్లా ఆరుగురు ముఖ్యమంత్రులు మారారు. ఆమె బెంచీ మాత్రము మారలేదు, ప్రతిపక్షమే.

మరి అట్లాంటి సభ్యురాలు చేసేది ఏమిటి? అడగడము. ప్రశ్నోత్తరాల సమయములో మంత్రిని ప్రశ్న అడిగితే మంత్రి జవాబు చెప్పి తీరాలి, ఆ జవాబు రికార్డులో పడుతుంది. బడ్జెట్ పద్దుల మీద మాట్లాడవచ్చు. 1973లో భూసంస్కరణల చట్టము వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. భూమి గలవారు కొడుకుల పేర, అల్లుళ్ల పేర, పనివాళ్ల పేర, కొన్నిచోట్ల పుట్టని పిల్లల పేర కూడా రాసి తప్పించుకున్నారని మనవాళ్లు నవ్వుకుంటూ చెబుతారు. మిగులు భూమి ఎంత తేలింది, ఎవరికి ఇచ్చారు, కూలికి కనీస వేతనము ఎందుకు అందడము లేదు, ఇవి వామపక్షాల సభ్యులు సభలో మళ్లీ మళ్లీ ఎత్తిన సంగతులు. ఆమె మాట మెత్తన కాదు. వృద్ధాప్యములో చెప్పి రాయించుకున్న జీవితకథకు 'నా మాటే తుపాకీ తూటా' అనే పేరు పెట్టారు. తుపాకి పట్టిన మనిషి చివరికి మాటనే తూటా అన్నారంటే దానిలో ఒక సంగతి ఉందని మాకు తోస్తుంది.

సామెతలు 31వ అధ్యాయమును మనము ఎట్లా చదువుతామో చూడండి. పెండ్లిలో చదువుతాము, స్త్రీల కూడికలో చదువుతాము, అమ్మ చనిపోతే సమాధి కార్యక్రమములో చదువుతాము. ఎప్పుడైనా 10వ వచనమునుండే మొదలుపెడతాము. గుణవతియైన భార్య చీకటితోనే లేచి ఇంటివారికి భోజనము సిద్ధపరచడము, ఊలు అవిసె వెదకడము, దీపము ఆరిపోనీయకపోవడము. ఆ అధ్యాయము మొదట ఉన్న తొమ్మిది వచనాలు ఎవరివి? అవి కూడా ఒక స్త్రీ మాటలే. లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన మాటలు. మద్యము నీకొద్దు, తాగితే చట్టము మరచిపోతావు, దీనుల వ్యాజ్యము చెడిపోతుంది అంటుంది. మూగవారికి, దిక్కులేనివారికి న్యాయము జరిగేటట్లు నీ నోరు తెరువు అంటుంది. ఒకే అధ్యాయములో ఇంటిని నడిపే స్త్రీ, రాజ్యానికి నీతి చెప్పే స్త్రీ ఇద్దరూ ఉంటే, మనము ఒకరినే గుడిలోకి రానిచ్చాము.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ఉన్నారు. తండ్రికి కొడుకులు లేరు కాబట్టి మా తండ్రి పేరు పోవాలా, మాకు భూమి ఇవ్వండి అని మోషే ఎదుట, యాజకుని ఎదుట, ప్రధానుల ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి అడిగారు. ఇంట్లో ఏడ్చి ఊరుకోలేదు. మోషే దేవునిని అడిగాడు, వారు చెప్పినది సరి అని దేవుడు అన్నాడు, చట్టము మారింది. మన రాష్ట్రములో హిందూ కుటుంబాలలో కూతురికి తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా భాగము ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అది వచ్చేసరికి 2005 అయింది. స్వరాజ్యమ్మ అప్పటికి సభలో లేరు. ఇక క్రైస్తవులమైన మనకు 1925 భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేకపోతే కూతురికీ కొడుకుకూ సమాన భాగమే. మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు ఆ భాగము అందింది? కట్నము ఇచ్చాము కదా అనే జవాబు మాకు తెలుసు. ఆ జవాబుకు వాక్యములో చోటు ఎక్కడ ఉందో ఎవరైనా చూపించాలి.

పాస్టర్లు చట్టసభకు పోవడము ఎక్కడైనా జరిగిందా అని అడిగేవారి కొరకు ఒక దూరదేశపు సంగతి చెబుతాము. అమెరికాలో అంతర్యుద్ధము 1865లో ముగిసి నల్లవారి బానిసత్వము పోయింది. హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి పాస్టరు మిసిసిపి రాష్ట్రములోని నాచెజ్ పట్టణములో సేవ చేసేవాడు. ఆ రాష్ట్ర సెనేటుకు 1869లో ఎన్నికయ్యాడు. 1870 జనవరిలో సభ మొదలైనప్పుడు ప్రారంభ ప్రార్థన ఆయనే చేశాడు. ఆ ప్రార్థన విన్న సభ్యుల మనసు కదిలిందని అక్కడి చరిత్ర చెబుతుంది. కొద్ది రోజులలోనే ఆ శాసనసభ ఆయనను వాషింగ్టన్‌లోని దేశ సెనేటుకు ఎన్నుకొని పంపింది. 1870 ఫిబ్రవరి 25న అమెరికా సెనేటులో కూర్చున్న మొదటి నల్లవాడు ఒక పాస్టరు. ఏడాదికి పదవి ముగిసింది, తిరిగి వచ్చి నల్లపిల్లల కాలేజీకి అధిపతి అయ్యాడు, సువార్త సేవ విడువలేదు.

ఆ కథకు బాధాకరమైన రెండో సగము ఉంది. ఇరవై ఏండ్లకే అదే మిసిసిపి 1890లో కొత్త రాజ్యాంగము రాసుకొని నల్లవారి ఓటును పన్నులతో, చదువు పరీక్షలతో లాగేసుకుంది. అది కూడా ఒక సభలోనే జరిగింది. అన్యాయపు శాసనములు రాసేవారికి, దరిద్రుల హక్కును తీసివేసేవారికి శ్రమ అని యెషయా 10వ అధ్యాయము మొదటి రెండు వచనాలలో ప్రవక్త చెప్పాడు. మేలైన చట్టము పుట్టే చోటనే కీడైన చట్టము కూడా పుడుతుంది. మనము అక్కడ లేనప్పుడు కూడా సభ జరుగుతూనే ఉంటుంది.

పదవి పోయిన తరువాత స్వరాజ్యమ్మ ఇంట్లో కూర్చోలేదు. మన అక్కచెల్లెళ్లకు అన్నిటికంటె దగ్గరైన పని ఆమె అప్పుడే చేశారని మేము అనుకుంటాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. అరవై దాటిన వయసులో స్వరాజ్యమ్మ మహిళా సంఘము తరఫున ఆ ఉద్యమములో తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో మద్యనిషేధము పోయింది. ఇప్పుడు మన ఊళ్లలో బెల్టుషాపుల సంగతి మేము చెప్పనక్కరలేదు. ఉపవాస కూడికలలో భర్తల తాగుడు మానాలని మన అక్కలు కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ప్రార్థించాలి. లెమూయేలు తల్లి మద్యము గురించి తన కొడుకుకు చెప్పిన మాట రాజ్యము ఏలేవానికి చెప్పిన మాట. అదే మాట గ్రామసభలో చేయెత్తి చెప్పడానికి మన అక్కలలో ఎందరు పోతున్నారు? బెల్టుషాపు వద్దని గ్రామసభ తీర్మానము చేసుకున్న ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి.

ఇంకా దగ్గరి సంగతి సమాధుల స్థలము. చాలా ఊళ్లలో మన విశ్వాసులకు పాతిపెట్టడానికి చోటు లేదు. మనిషి చనిపోయిన రోజు శవము ఇంట్లో ఉండగా స్థలము కోసము బతిమాలుకుంటూ తిరగవలసి వస్తోంది. అబ్రాహాము శారా చనిపోయినప్పుడు హేతు కుమారుల ఎదుట, ఊరి గవినిలో, అందరూ వింటుండగా మాట్లాడి, వెండి తూచి, మక్పేలా పొలాన్ని తన పేర స్థిరము చేసుకున్నాడు. ఆదికాండము 23వ అధ్యాయమంతా అదే. సరిహద్దులు, చెట్లు, గుహ అన్నీ లెక్క చెప్పి రాయబడ్డాయి, మన రిజిస్ట్రేషను కాగితములాగా. విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము ఊరి గవినికి పోవడము లోకసంబంధము అనుకోలేదు. మన పనికీ పంచాయతీ తీర్మానము కావాలి, సర్వేయరు కొలత కావాలి, తాసిల్దారుకు అర్జీ కావాలి. మనలో ఒక్కరైనా వార్డు మెంబరుగా ఉన్న ఊరికీ ఎవరూ లేని ఊరికీ తేడా మేము చూస్తూనే ఉన్నాము.

తుంగతుర్తి నియోజకవర్గము 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. రెడ్డి దొరల ఇంటి ఆడబిడ్డ గెలిచిన ఆ సీటులో ఇప్పుడు ఒకప్పుడు వెట్టి చేసినవారి మనుమలు పోటీ పడతారు. ఆమె అది చూసి వెళ్లారు.

2022 మార్చి 19న హైదరాబాదులో స్వరాజ్యమ్మ కన్నుమూశారు. తొంభై దాటిన వయసు. నల్లగొండకు తెచ్చి జనము చూసిన తరువాత, ఆమె దేహాన్ని అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలకు పిల్లల చదువు కొరకు అప్పగించారు. పునరుత్థానమును నమ్మే మనము పాతిపెట్టడము కోరుకుంటాము, మన ఆచారము వేరు. దేహదానము విశ్వాసి చేయవచ్చా అని ఇద్దరు ముగ్గురు ఇదివరకే అడిగారు, దానికి వేరే రోజున వివరంగా రాస్తాము.

వచ్చే వారము నాబోతు ద్రాక్షతోటను ధ్యానము చేద్దాము. 1 రాజులు 21వ అధ్యాయము చదివి ఉంచుకోండి. మీ ఊళ్లో భూమి పోగొట్టుకొన్న పెద్దల సంగతులు ఇంట్లో ముసలివాళ్లను అడిగి తెలుసుకొని, కింద రాయండి. పాత 38-ఇ కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెదలు పట్టకముందే జిరాక్సు తీసి పెట్టుకోండి.